గుంజకు కాళ్లున్నాయి

ఖాదర్ మొహిద్దీన్ దుకాణంలో నేల తవ్వడానికి కానిస్టేబుళ్లకు గడ్డపార ఆయనే ఇచ్చాడు. వాళ్లు తెచ్చుకున్నది పొట్టిది. సున్నంలో బెల్లంనీళ్లు పోసి తన తండ్రి వేసిన గచ్చు దానికి లొంగదని ఆయనకు తెలుసు.

వాళ్లు తవ్వి తీసుకుపోవడానికి వచ్చింది ఆయన పనిముట్టునే. సూళ్లూరుపేట బజారు వెనక సందులో ఖాదర్‌ది కళాయి దుకాణం. రాగి గిన్నెలకు, పెళ్లివంటల డేగిసాలకు లోపలివైపు తగరం పూత వేస్తాడు. పూతకు ముందు సొట్టలు తీస్తాడు. సొట్ట ఉన్నచోట తగరం మడుగు కడుతుంది, దాని అంచుల్లో పలచబడుతుంది. అలాంటి డేగిసాలో బిర్యానీ వండితే అక్కడే మాడుతుంది. అందుకని దుకాణం నడిమధ్య నేలలో పాతిన ఒక ఉక్కు గుంజ ఉండేది. నడుము ఎత్తు, పిడికిట్లో పట్టనంత లావు, నెత్తిన కమ్మరి బిగించిన గుండ్రటి ఇనుప టోపీ. డేగిసాను దాని మీద బోర్లించి, సొట్టను టోపీకి ఆనించి, పైనుంచి కొయ్యసుత్తితో కొడతారు. ఖాదర్ తండ్రి అలాగే కొట్టాడు. చేతికి సుత్తి అందినప్పటి నుంచి ఖాదర్ కూడా అలాగే కొడుతున్నాడు. ఇప్పుడు ఆయనకు అరవై దాటాయి.

ఆ గుంజకు ఒక విచిత్రం ఉంది. పులికాట్ మీంచి వచ్చే ఉప్పుగాలికి ఆ సందులో షట్టర్లు, తాళాలు, సైకిలు చువ్వలు అన్నీ తుప్పు పడతాయి. గుంజ మాత్రం పట్టలేదు. పొద్దున గుడ్డతో ఒకసారి తుడిస్తే అద్దంలా ఉంటుంది. వచ్చినవాళ్లు ముందు దాన్నే చూస్తారు. ఇదేం ఇనుము అని అడుగుతారు. "రాకెట్ ఇనుము" అని ఖాదర్ చెప్పేవాడు. రోజూ తెల్లారితే రాకెట్ కేంద్రం బస్సులు బయల్దేరే ఊళ్లో గట్టి వస్తువును పొగడాలంటే అంతకు మించిన మాట లేదు. అడిగినవాళ్లు నవ్వి ఊరుకునేవారు.

హజరత్తయ్య నవ్వి ఊరుకోలేదు. ఆయనది వెంకటాచలం ఊరు. షామియానాలు, వంటపాత్రలు అద్దెకిచ్చే వ్యాపారం. కసుమూరు దర్గాలో మొక్కుకున్నాక పుట్టిన బిడ్డ కనక తల్లి ఆ పేరు పెట్టింది. ఆ పేరు పెట్టుకున్నందుకు కసుమూరు గంధం ఉత్సవానికి వంటపాత్రలు ఇవ్వడం తన పని అని ఆయన నమ్మకం. అందరూ స్టీలుకు మారినా ఆయన దగ్గర ఇంకా పన్నెండు రాగి డేగిసాలు ఉన్నాయి. గంధం దగ్గరపడుతుండగా వాటిని కళాయికి తెచ్చి దించి, ఖాదర్ గుంజ మీద సుత్తి వేస్తుంటే ఫోన్‌లో వీడియో తీసి, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. కింద ఇలా రాశాడు: "రాకెట్ స్టీలు మీద సరిచేసిన రాగి డేగిసాలు. శుభకార్యాలకు సంప్రదించండి."

రాత్రికల్లా ఆ వీడియో ఊరి గ్రూపుల్లో తిరిగింది. ఎవరో దానికింద రాకెట్ భాగం బజారు దుకాణంలోకి ఎలా వచ్చిందని అడిగారు. ఆ ప్రశ్న తిరిగి తిరిగి ఎస్సై రోజారమణి ఫోన్‌కు చేరింది. మర్నాడు పొద్దున ఆమె జీపులో వచ్చింది.

ఖాదర్‌కు ఎడమ చెవి వినపడదు, ఏళ్ల తరబడి సుత్తి చప్పుళ్లకు పోయింది. మాట్లాడేవాళ్లు కుడివైపు నిలబడాలి. ఎస్సై వచ్చి ఎడమవైపు నిలబడింది.

"ఖాదర్ గారూ, ఇది యాడిది?"

ఆయన సుత్తి ఆపలేదు. చింతపండు, ఇసుక పెట్టి డేగిసా తోముతున్న ఆయన భార్య ముంతాజ్ బేగం లేచింది. "ఈ పక్కకు రండి మేడం. ఆ చెవి నేను ఎప్పుడో తినేసినానంట. అట్టని ఊరంతా చెప్తాడు."

రోజారమణి ఇటువైపు వచ్చి మళ్లీ అడిగింది.

"మా అబ్బా పాతినాడు మేడం," అన్నాడు ఖాదర్. "నేను పుట్టకముందు నుంచీ ఉండాది."

"రాకెట్‌దని అందరూ అంటుండారే."

"అందరూ ఏంది మేడం, నేనే అంటుండా. వచ్చినోళ్లకల్లా చెప్తుండా. ఎగతాళికి."

"ఎగతాళి అని నేను రాసుకోలేను గదా."

"మా అబ్బా పాతినప్పటికి ఈడ రాకెట్టే లేదు మేడం."

"దానికి ఎవురు సాక్షి?"

"మా అబ్బానే."

"పిలవండి."

"పోయి ఇరవై ఏండ్లయింది."

రోజారమణి నవ్వు ఆపుకుంది. ఆమెది సంగం ఊరి దగ్గర వరి రైతు కుటుంబం. పొలంలో దొరికిన ఇనుప వస్తువును ఏమిటో తెలియకుండా ఎవరూ సుత్తితో కొట్టకూడదని, పేలిపోవచ్చని చిన్నప్పుడు ఇంట్లో గట్టిగా చెప్పేవారు. ఒకసారి పరీక్ష చేయించి ఇచ్చేస్తానని చెప్పింది. అప్పుడే ఖాదర్ గడ్డపార తెచ్చి ఇచ్చాడు.

గచ్చు పెచ్చులు పెచ్చులుగా లేచింది. గుంజ సూటిగా లోతుకు దిగి ఉంటుందని ఖాదర్ అనుకుంటూ వచ్చాడు. మూరెడు తవ్వేసరికి మెరుపు ఆగిపోయింది. కింద మందపాటి ఉక్కు దిమ్మ బయటపడింది. ఇంకాస్త తవ్వితే ఆ దిమ్మ రెండుగా చీలి రెండు కొమ్మల్లా కిందికి దిగింది. కొమ్మల మధ్య సున్నం గట్టిపడి రాయి అయింది. దాన్ని పగలగొట్టి ఇద్దరు మనుషులు పైకి లాగారు.

"యా అల్లా! దీనికి కాళ్లుండాయే!" అంది ముంతాజ్.

ఖాదర్ గొంతుక్కూర్చున్నాడు. పై సగం ఆయనకు తన మోచేయి తెలిసినంత బాగా తెలుసు. కింది సగం ఆ రోజే చూశాడు. వంకీ తిరిగిన రెండు కాళ్లు, కొద్దిగా ఒకవైపు వాలి ఉన్నాయి. ఒక్కో కాలి చివర గుండ్రటి రంధ్రం ఉంది, రెండూ ఎదురెదురుగా. దిమ్మకు ఒక పక్క రెండు ఉక్కు చెవులు ఉన్నాయి. వాటిలో ఒకటి విరిగిపోయింది. కొత్తగా వచ్చిన గిన్నెను తడిమినట్టు ఆయన దాన్నంతా తడిమి చూశాడు.

"ఏంది ఇది?" అని ఎస్సై అడిగింది.

"నాకు తెలిసింది పైదే మేడం," అన్నాడు ఖాదర్.

తీసుకున్నట్టు కాగితం రాసిచ్చి, గోనెసంచిలో చుట్టి జీపు ఎక్కించారు. దుకాణం మధ్యలో గుంట మిగిలింది.

మధ్యాహ్నం హజరత్తయ్య వచ్చాడు.

"ఏంది భాయ్, గుంజ యాడికి పోయింది?"

"నీ స్టేటస్‌లోకి పోయింది."

"నేనేం చేసినా?"

"రాకెట్ స్టీలని రాసిందెవురు?"

"నువ్వు చెప్పిందే గదా రాసినా!"

"నేను నోటితో చెప్పినా. నువ్వు ఊరంతటికీ చూపించినావు."

హజరత్తయ్య ఒక బోర్లించిన డేగిసా మీద కూర్చుని గుంటలోకి తొంగి చూశాడు. తర్వాత తన మనసులో మాట చెప్పాడు.

"బాధపడబాక భాయ్. ఈ గంధానికి ఇవి తయారు కాకపోతే స్టీలు కొనేస్తా. ఇంట్లో ఎప్పట్నుంచో పోరుతుండారు. బరువు, కళాయి, సొట్టలు, ఇదంతా ఎందుకంటారు. కసుమూరులో ఉత్త చేతుల్తో నిలబడలేను."

"రాగి?"

"అమ్మేస్తా."

 హజరత్తయ్య రాగి అమ్మేస్తే ఖాదర్‌కు మిగిలేది పండగల ముందు ఎవరికో గుర్తొచ్చే చెంబులు, పళ్లేలు. వాటికి కొలిమి కూడా అక్కర్లేదు, గ్యాసుపొయ్యి చాలు.

గుంజ లేకుండా పని సాగుతుందేమో చూశాడు. పాత ఇనుము అంగడివాడు రైలుపట్టా ముక్క ఇస్తానంటే ముంతాజ్ వద్దంది. "రాకెట్టోళ్లు అయినారు. ఇప్పుడు రైలోళ్లు కూడా రావాల్నా?" చివరికి ఒక లారీ యాక్సిల్ తెచ్చి అదే గుంటలో నిలబెట్టి మట్టి పోసి దిమ్మిసతో కుదించారు. అది కదిలింది. రాళ్లు కూరారు. మొదటి డేగిసాకు చిన్న సొట్టలు మూడు నాలుగు బాగానే పోయాయి. నాలుగో దెబ్బకో ఐదో దెబ్బకో యాక్సిల్ పక్కకు ఒరిగి, దాని అంచు రాగిలోకి దిగింది. గంటలా మోగాల్సిన డేగిసా టప్పుమంది. ఖాదర్ దాన్ని ఎత్తి వెలుగుకు పట్టాడు. చీలికలోంచి సందు కనిపించింది.

"నీ చేతిలో ఇట్టా ఎప్పుడూ పోలేదు," అంది ముంతాజ్.

"చెయ్యి పోలేదు మే. కింద పట్టే మనిషి లేడు."

రాకెట్ కేంద్రం నుంచి ఇద్దరు వచ్చి గుంజను అన్ని వైపులా ఫొటోలు తీసుకుని, సాయంత్రానికే ఇది తమది కాదని చెప్పారు. ఆ కబురు వినగానే ఖాదర్ ఆటో మాట్లాడుకుని స్టేషన్‌కు వెళ్లాడు. ముంతాజ్ కూడా వెంట వెళ్లింది, అక్కడి మాటలు ఆయనకు సగమే వినబడతాయని.

"రాకెట్‌ది కాదని తేలింది," అంది రోజారమణి. "మరి ఏంది?"

"గుంజ మేడం."

"అది మీరు పెట్టుకున్న పేరు. అసలు అది ఏ వస్తువు? లోపల ఏముంది? అది తెలవకుండా మీ చేతికిచ్చి, రేపు మీరు సుత్తితో కొట్టినప్పుడు పేలితే నేనేం చెప్పాల?"

"నలభై ఏండ్ల పైన కొట్టినా మేడం. పేలేదైతే దానికే విసుగొచ్చి ఎప్పుడో పేలుండు."

"ఏందో తేలనీండి. తేలిన రోజే తీసకపోండి."

గుంజ స్టేషన్ వరండాలో గోడకు ఆనించి ఉంది. వచ్చిపోయేవాళ్లంతా దాని దగ్గర ఆగుతున్నారు. ఫిర్యాదు మీద వచ్చిన ఒక జాలరి అది పెద్ద పడవ చుక్కాని పట్టేదన్నాడు. బులెట్ బండి ఉన్న కానిస్టేబుల్ గంగులయ్య అది మోటారుసైకిలు ఫోర్కు అని పందెం కాశాడు. రోజారమణికి వరికోత మిషను ముందు చక్రం గుర్తొచ్చింది. దాని ఫొటో తెప్పించి పక్కన పెట్టి చూస్తే ఎక్కడా కలవలేదు. ఖాదర్‌ను అడిగితే తన తండ్రి ఒకప్పుడు ఇది కృష్ణపట్నం వచ్చిన ఓడదని చెప్పినట్టు గుర్తుందన్నాడు.

"కోడలిగా వచ్చిన కొత్తలో నాతో వలలో పడిందని చెప్పినాడే," అంది ముంతాజ్. "కళాయికి మారుగా ఒక జాలరి ఇచ్చి పోయినాడంట."

"మా అబ్బా ఎవురికి ఏది నచ్చితే అది చెప్పేవాడు."

"నీకు ఆ గుణం యాడ్నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది," అంది ముంతాజ్.

తన స్టేటస్ వల్ల వచ్చిన తంటా కనక హజరత్తయ్యే మర్నాడు ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. పేరు పెంచలకృష్ణ. వెంకటాచలం దగ్గర హైవే పక్కన లారీలకు, కార్లకు చక్రాలు సరిచేసే షాపు పెట్టుకున్నాడు. అంతకు ముందు వైమానిక దళంలో విమానాల చట్రాలు, చక్రాలు చూసే పని చేసి రిటైరయ్యాడు. మాటలు ఎక్కువ మనిషి. వరండాలోకి వచ్చి గుంజను చూశాక మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. ముట్టుకోలేదు.

"ఏదన్నా చెప్పు కృష్ణా," అన్నాడు హజరత్తయ్య.

"ఉండన్నా. దాన్ని చెప్పనీ."

వంగి మెరుపు ఆగిపోయిన చోటు చూశాడు. దిమ్మకు రెండు వేళ్ల పైన, గీత గీసినట్టు ఆగిపోయింది.

"సాయిబు గారూ, ఈ మెరుపు మీరు పాలిష్ పెట్టి తెచ్చిందా?"

"తుడవడమే. ఇంకేం చెయ్యను."

"అయితే ఇది క్రోమ్. ఉప్పుగాలికి తుప్పు పట్టలేదంటే అందుకే. ఇంత మందాన క్రోమ్ ఊరికే అందానికి వెయ్యరు. ఇది ఇంకో గొట్టంలో పైకీ కిందికీ జారింది."

గంగులయ్య బులెట్ ఆవరణలోనే ఉంది. పెంచలకృష్ణ అందరినీ దాని దగ్గరికి తీసుకుపోయి హ్యాండిల్ పట్టుకుని కిందికి నొక్కాడు. ముందు చక్రం మీద మెరిసే గొట్టం లోపలికి దిగి మళ్లీ పైకి వచ్చింది.

"చెప్పినానా మేడం, ఫోర్కు అని!" అన్నాడు గంగులయ్య.

"చెప్పినావు. ఇంత లావు ఫోర్కున్న బండి యాడుందో చూపించు, నేను కూడా ఎక్కుతా," అన్నాడు పెంచలకృష్ణ. మళ్లీ వరండాలోకి వచ్చాడు. "బండికి రెండు గొట్టాలుంటాయి. దీనికి ఒక్కటే. ఒక్కటే అయితే చక్రం ఇష్టమొచ్చినట్టు గిర్రున తిరుగుతుంది గదా? తిరగకుండా పైదాన్నీ కిందిదాన్నీ కలుపుతూ కత్తెర మాదిరి ఒకటి ఉంటది. ఇదిగో, కత్తెర తగిలించే చెవులు. ఒకటి విరిగింది. ఈ రెండు కాళ్ల మధ్య చక్రం, ఈ రంధ్రాల్లో యాక్సిల్. ఇది విమానం దిగేటప్పుడు నేలను తాకే కాలు మేడం. ల్యాండింగ్ గేర్. అందులో లోపలి గొట్టం."

 ముంతాజే ముందు అడిగింది. "అయితే మా మామ దీన్ని సరిగ్గానే నిలబెట్టినాడా?"

"సరిగ్గానే అక్కా. విమానం కింద కూడా ఇట్టనే ఉంటది, కాళ్లు కిందికి."

"ఏ విమానం?" అంది రోజారమణి.

"అది తెలవదు మేడం. నేను చేసినవాటిలో ఏదీ కాదు. నాకంటే పాతది. చక్రం చిన్నది, ముక్కు కింది చక్రమన్నా కావాల, తోక చక్రమన్నా కావాల."

"మీరు చెప్పింది నాకు నమ్మకంగానే ఉండాది. కానీ పైవాళ్లు అడిగితే వెంకటాచలంలో చక్రాల షాపాయన చెప్పినాడని చెప్పాల్నా? చూపించడానికి ఒక గుర్తు కావాల."

పెంచలకృష్ణ నొచ్చుకోలేదు. "విమానం ముక్క మీద గుర్తు కొట్టకుండా వదలరు. యాడో ఉంటుంది," అన్నాడు.

వెతికారు. దిమ్మ మీద సున్నం పొర గట్టిగా పట్టుకుని ఉంది. ముంతాజ్ చింతపండు, ఇసుక తెప్పించి, చీర కుచ్చెళ్లు దోపుకుని రుద్దింది. పొర పోయాక అక్కడ గాట్లు ఉన్నాయని తెలిసింది. అవి అక్షరాలో, తుప్పు తిన్న గుంటలో తేలలేదు. పెంచలకృష్ణ సుద్దముక్క రుద్ది చూశాడు. గుంటలన్నీ ఒకేలా తెల్లబడ్డాయి. కాగితం పెట్టి పెన్సిల్ రుద్దితే మచ్చలు మాత్రమే వచ్చాయి.

ఖాదర్ అప్పటిదాకా కుడి చెవి అటు పెట్టి వింటున్నాడు. "తగరం పూసి చూద్దామా?" అన్నాడు. "పాత గిన్నెల మీద పేర్లు చెరిగిపోతే మేం అట్టనే చదువుతాం. తుప్పు ఉన్నచోట తగరం పట్టదు. నికార్సయిన లోహం మీదే పడుతుంది. అక్షరం గాడి అడుగున లోహం బాగుంటే అందులో నిలబడుతుంది."

"వేడి పెట్టాల గదా?" అన్నాడు పెంచలకృష్ణ వెంటనే. "ఆగండి. వీటిలో నూనె, గాలి బిగించి ఉంటాయి. మూసుకపోయిన గొట్టాన్ని మంటలో పెడితే మేడం భయపడింది నిజమవుతది."

గొట్టం పక్కన ఒక చిన్న రంధ్రం ఉంది. మట్టితో పూడిపోయింది. పెంచలకృష్ణ సైకిలు చువ్వ అడిగి తీసుకుని అందులో దూర్చి తిప్పాడు. మట్టి రాలింది. ఇంకా దూర్చాడు. చువ్వ పూర్తిగా లోపలికి పోయింది. బోర్లించి తట్టితే ఇంకా మట్టి, చీమల పుట్ట పెళ్లలు, రెండు బుల్లి నత్తగుల్లలు పడ్డాయి.

"గాలి లేదు మేడం," అన్నాడు. "ఊరి మట్టి ఉండాది. పెట్టుకోండి మంట."

స్టేషన్ వెనక ఆవరణలో వేపచెట్టు కింద ఇటుకలు పేర్చి గుంజను అడ్డంగా పడుకోబెట్టారు. ఖాదర్ పెద్ద బర్నరు తెచ్చుకున్నాడు. దిమ్మను ఆకురాయితో రుద్ది, మంట చూపించి, వేడి చాలిందో లేదో చూడడానికి తగరం పట్టడానికి వాడే నవసాగరం పొడి చిటికెడు చల్లాడు. పొగ లేవలేదు. ఇంకాసేపు ఆగి మళ్లీ చల్లాడు. ఈసారి తెల్లటి పొగ గుప్పున లేచింది. గంగులయ్య దగ్గుతూ దూరం జరిగాడు. ఖాదర్ తగరం కడ్డీ ఆనించాడు. అది కరిగి జారింది. దూదిపింజతో ఒక్క తుడుపు తుడిచాడు. దిమ్మ మీద అక్కడక్కడా వెండి మెరుపు పరుచుకుంది, తుప్పు తిన్నచోట నల్లగానే ఉండిపోయింది. చల్లారాక ముంతాజ్ ఇటుకపొడితో పైపైన రుద్దింది. పైన ఉన్న తగరం పోయింది. గాడుల్లో ఉన్నది మిగిలింది.

ముందు కనబడింది బాణం గుర్తు. రోజారమణి ఫోన్ లైటు పక్క నుంచి పట్టింది. బాణం పక్కన ఎఫ్, తర్వాత డబ్ల్యూ, తర్వాత డి. దాని కింద ఒక వరస అంకెలు. మొదటి మూడూ స్పష్టంగా ఉన్నాయి. నడుమ తుప్పు మింగేసింది. చివర ఒక ఏడు.

"ఎఫ్ డబ్ల్యూ డి అంటే?" అని హజరత్తయ్య అడిగాడు.

"ముందు," అన్నాడు పెంచలకృష్ణ. గొంతు తగ్గింది. "విమానం ముక్కు ఎటుంటదో అటు. బిగించేవాడు పొరపాటు పడకుండా కొట్టే గుర్తు. నేను ఇట్టాంటివి వందలు చూసినా."

"మీరు అందరూ తవ్వినప్పుడు ఈ బాణం ఎటుండాది?" అని ముంతాజ్ అడిగింది.

గంగులయ్య ఆలోచించాడు. విరిగిన చెవి వీధి తలుపు వైపు ఉన్నట్టు ఆయనకు గుర్తుంది. బాణం ఆ చెవికి ఎదురుదిక్కున ఉంది.

"అట్టయితే మా బొగ్గులగది వైపు," అంది ముంతాజ్. "ఇన్నేండ్లు మా విమానం బొగ్గులగదిలోకే పోతుండాదన్నమాట."

రోజారమణి పైకే నవ్వేసింది. తగరం మెరుస్తున్న అక్షరాల ఫొటోలు నాలుగు తీసి, మిగిలిన అంకెలతో సహా పైఅధికారులకు పంపింది. తన రికార్డులో వస్తువు పేరు దగ్గర ఇలా రాసింది: పాత విమానం చక్రపు కాలులో లోపలి భాగం, ఏ విమానమో తెలియదు, ప్రేలుడు పదార్థం లేదు. ఎవరైనా వచ్చి చూస్తామంటే చూపించాలని, అమ్మకూడదని, కోయకూడదని చెప్పి ఖాదర్ చేత సంతకం పెట్టించుకుంది.

"ఇంకో మాట. గచ్చులో పూడ్చబాకండి. అడిగినప్పుడు బయటికి తీసి చూపించేట్టుండాల."

ఖాదర్ ముఖం మాడింది. "గచ్చు లేకపోతే నిలబడదు మేడం. నిలబడకపోతే నాకు పనికిరాదు. ఒక డేగిసా అట్టనే పోయింది."

 గంధానికి ఇంకా వారం కూడా లేదు. హజరత్తయ్య నేలచూపులు చూస్తున్నాడు. పెంచలకృష్ణ మాత్రం వంగి గుంజ కాళ్ల చివర రంధ్రాల్లోకి ఒక కన్నుతో చూస్తున్నాడు.

"దీనికి గచ్చెందుకు సాయిబు గారూ?" అన్నాడు. "ఇంత బరువు విమానాన్ని ఇది ఈ రంధ్రాల మీదే మోసింది. ఇందులో యాక్సిల్ వేద్దాం. చక్రం బదులు కొయ్యదుంగ."

తన షాపులో ఉక్కు కడ్డీ ఒకటి రంధ్రాల కొలతకు లేత్ పట్టించి తెచ్చాడు. షామియానా స్తంభాలకు అడుగున వేసే బరువైన తుమ్మ దుంగ ఒకటి హజరత్తయ్య ఇచ్చాడు. దుంగను గుంజ కాళ్ల మధ్య ఇమిడేలా చెక్కి, కడ్డీ దూర్చి, రెండు వైపులా నట్లు బిగించారు. దుంగను గుంటలో దించి ఇసుక కూరి తడిపారు. కావాలంటే నట్లు విప్పి గుంజను ఎత్తుకోవచ్చు.

ఖాదర్ ఒక డేగిసా బోర్లించి కొయ్యసుత్తితో తేలిగ్గా ఒక దెబ్బ వేశాడు. కుడి చెవి రాగికి దగ్గరగా పెట్టి ఇంకో దెబ్బ వేశాడు.

"ఎట్టుండాది?" అని పెంచలకృష్ణ అడిగాడు.

"ముందూ వెనకా వెంట్రుకవాసి ఊగుతుండాది. పక్కలకు రాయి." సుత్తి దించాడు. "గచ్చులో ఉన్నప్పుడు కూడా అంతే. నేనే పక్కకు నిలబడి కొట్టేవాణ్ని. ఎందుకో ఎప్పుడూ అనుకోలేదు."

"కాళ్లు రెండూ పక్కపక్కన ఉన్నాయి గదా. అందుకు."

బాణం ఎటు పెట్టాలని ముంతాజ్ అడిగింది. ఈసారన్నా వీధి వైపు తిప్పుదామని ఆమె పట్టు పట్టింది. ఖాదర్ ఒప్పుకోలేదు. కొలిమీ మారలేదు, తను నిలబడే చోటూ మారలేదు, గుంజ ఎందుకు మారాలన్నాడు. బాణం మళ్లీ బొగ్గులగది వైపే ఉంది.

సొట్టపడ్డ డేగిసాలు సందులో వరసగా నిలబడ్డాయి. కొలిమి పొద్దున వెలిగితే చీకటి పడేదాకా ఆరలేదు. ఖాదర్ సొట్ట తీస్తే ముంతాజ్ డేగిసాలోకి దిగి, అంచు పట్టుకుని, కాళ్లతో గుండ్రంగా తిరుగుతూ తోమింది. తోమినదానికి ఆయన తగరం పూశాడు. మధ్యలో ఒకసారి హజరత్తయ్య ఫోన్ ఎత్తి వీడియో తీయబోయాడు. స్టేటస్‌లో రాసే మాట ముందే టైపు చేసి చూపించాడు: "విమానం స్టీలు మీద".

ఖాదర్ సుత్తి ఆపి చెయ్యి చాచాడు. "ఇట్టా ఇయ్యి ఫోన్."

"నిజమే గదా భాయ్ ఇప్పుడు!"

"నిజమే. గుంజ అని రాయి. చాలు."

గంధానికి ముందురోజు సాయంత్రం హజరత్తయ్య మినీలారీ సందు మొదట్లో ఆగింది. లోపలికి రాదు కనక ఒక్కో డేగిసాను ఇద్దరు పట్టుకుని మోశారు. పదకొండు కసుమూరు వెళ్లాయి. పన్నెండోది, లారీ యాక్సిల్ మీద చీలినది, దుకాణంలోనే ఉంది. ముంతాజ్ అందులో బొగ్గులు పోసుకుంటోంది.